మా మీద వేసిన ఓటు

నాంపల్లిలో మేము పదమూడేళ్లు అద్దెకున్న ఇంటి యజమానురాలు పోయిందని మొన్న ఆదివారం అమ్మ చెప్పింది. బీరకాయ చెక్కు తీస్తూ, పాలు విరిగిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. చెక్కు పక్కకు తోసి, నీ మీద కోపంతోనే పోయుంటుంది అంది. నేను కాదనలేదు. అమ్మ మళ్లీ బీరకాయ మీదకు వంగింది.

ఆవిడంటే నాకు ఇష్టం లేదు. ఆవిడకు నేనంటే అసహ్యం. ఇద్దరికీ కారణాలున్నాయి. ఆవిడ కారణం నా కారణం కంటే గట్టిది. ఆ సంగతి తెలుసు కాబట్టే నా కోపం ఇన్నేళ్లు ఆరలేదు. ఆవిడ పేరు ఇక్కడ రాయను. తన పేరు ఎవరు, ఎక్కడ, ఎలా రాయాలో చెప్పే హక్కు బతికినన్నాళ్లూ ఆవిడ ఇంకొకరికివ్వలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాదే మేము హైదరాబాదు వచ్చాం. నాన్న పనిచేసే అచ్చాఫీసు బెజవాడ నుంచి అబిడ్స్‌కు మారింది. నాన్న అందులో ప్రూఫులు దిద్దేవాడు. స్టేషన్ వెనక సందులో రెండు గదులు, వంటకు ఒక చావడి దొరికాయి. నాకు అప్పుడు పదేళ్లు. గేటు దగ్గర వెదురు మోడా మీద ఒక పొట్టి ఆవిడ కూర్చుని ఉర్దూ పేపరు చదువుకుంటోంది. వేలు కుడి నుంచి ఎడమకు పోతుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. ఆవిడ తలెత్తలేదు. కిరాయి సంగతి నాన్నతో మాట్లాడింది ఆవిడ మరిది. మాటలన్నీ అయిపోయాక ఆవిడ పేపరు మడిచి, ఇల్లు తనదని, కిరాయి తన చేతికే ఇవ్వాలని, గోడకు మేకులు కొట్టొద్దని చెప్పి లోపలికి పోయింది. మరిది నవ్వి, వదినె మాట అంతే, పట్టించుకోకండి అన్నాడు.

మేకుల సంగతి మాత్రం పట్టించుకోవలసి వచ్చింది. అమ్మ క్యాలెండరుకోసం ఒక చిన్న మేకు కొట్టింది. రెండో దెబ్బ పడేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది. తిట్టలేదు. మేకు తీసేదాకా నిలబడి, ఆ మేకు చేతికి తీసుకుని వెళ్లిపోయింది.

ఏదైనా తనదని చెప్పేటప్పుడు ఆవిడ ఎడమ అరచేయి చాపి, కుడి చూపుడువేలితో దాని మీద అడ్డంగా గీసేది, అక్కడ ఏదో రాసి ఉన్నట్టు. నల్లా నీళ్లు ముందు ఎవరి బిందెలో పడాలన్నా ఆ గీతే, జామచెట్టు కాయలన్నా ఆ గీతే. మా మాటలో 'అండీ' ఆవిడకు పడేది కాదు. మాటకొక తోకేంది అనేది. అమ్మ 'వచ్చారాండీ' అంటే వెనక నుంచి 'వచ్చారాండీ, పోయారాండీ' అని సాగదీసేది. మేమూ తక్కువ తినలేదు. తలుపులు వేసుకుని ఆవిడ 'జర', 'గట్ల', 'గిట్ల' పలికి పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. మా పచ్చడి జాడీల వాసన సందు చివరిదాకా వస్తుందని ఆవిడ అంటే, జొన్నరొట్టె కొట్టే చప్పుడుకు మధ్యాహ్నం కునుకు పట్టదని అమ్మ అనేది. ఒకే పెరటిలో పదమూడేళ్లు ఇలా గడిచాయి. ఒక్క పండక్కైనా ఒక గిన్నె ఇటు నుంచి అటు పోలేదు.

మేము దిగిన కొన్ని నెలలకు ఓటర్ల జాబితా రాసుకునే గుమాస్తా వచ్చాడు. మరిది ముందు గదిలో కూర్చోబెట్టి పేర్లు చెబుతున్నాడు. తన పేరు, భార్య పేరు చెప్పి, ఇక రాసుకోండి, మా అన్నగారి భార్య అన్నాడు. గుమాస్తా అన్నగారి పేరు రాసి దాని పక్కన భార్య అని చేర్చబోయాడు. అప్పట్లో చాలా ఇళ్లల్లో ఆడవాళ్లను అలాగే రాసేవారు. ఆవిడ తడిచేతులతో లోపలి నుంచి వచ్చింది. మరిది మాట మధ్యలో ఆవిడ రావడం నేను చూడటం అదే మొదటిసారి.

"నా మొగుడు పోయి మూడేండ్లాయె. సచ్చిపోయిన మనిషి పేరు మీద ఓటెట్ల ఏస్త నేను? నాకు పేరున్నది. రాయి."

పేరు చెప్పింది. గుమాస్తా మరిది వైపు చూశాడు. ఆవిడ పెన్సిలు కదిలేదాకా అక్కడే నిలబడింది. రాసింది చదివి వినిపించమంది. తర్వాత నాన్న మా ఇంట్లోవాళ్ల పేర్లు చెబుతుంటే, తలుపు చాటున ఉన్న అమ్మను చూసి, నీకు నోరు లేదా అని అడిగి పోయింది. అమ్మకు ఆ మాట ఈనాటికీ మానలేదు.

అరవై రెండు ఎన్నికలప్పుడు ఇంకోటి జరిగింది. నల్లా దగ్గర ఆవిడ అమ్మను ఎవరికేస్తున్నావని అడగలేదు. ఎవరికెయ్యాలో ఆలోచించుకున్నవా అని అడిగింది. మా ఆయన ఇంకా చెప్పలేదండీ అంది అమ్మ, ఉన్నమాటే. ఆవిడ బిందె కింద పెట్టి అమ్మను పైనుంచి కిందికి చూసింది. నవ్వినా బాగుండేది. అమ్మ ఆ రోజంతా గిన్నెలు ఎత్తి పడేస్తూనే ఉంది. నాన్న చెప్పిన గుర్తుకే ఓటేసి వచ్చింది. పదహారేళ్ల నేను అమ్మ పక్షమే. ఎవరి ఇంటి పద్ధతి వాళ్లది, మధ్యలో ఈవిడెవరు అనుకున్నాను.

ఆవిడ ఓటు ఎటు పోతుందో మాత్రం సందులో అందరికీ తెలుసు. తనే చెప్పేది. భర్త పోయాక మరిది ఇల్లంతా తనదేనన్నాడు. ఆవిడకు తిండి పెడతాను, ఆడపిల్లకు పెళ్లి చేస్తాను, అంతకంటే హక్కు లేదన్నాడు. అంతలో ఢిల్లీలో కొత్త చట్టం వచ్చింది, భర్త ఆస్తి మీద విధవకు పూర్తి హక్కిచ్చింది. ఆవిడ కోర్టుకు పోయింది. నాలుగేళ్లు వకీలు దగ్గరికి తనే నడిచి వెళ్లేది, కాగితాలు తనే చదువుకునేది. గెలిచి, ఇంటిలో మూడొంతులు తన పేర రాయించుకుంది. మరిదికి ముందు గదులు రెండు మిగిలాయి. అప్పీలు వేశాడు. అది నలుగుతూనే ఉండేది. ఒకే కప్పు కింద ఇద్దరూ మాట్లాడుకోకుండా బతికేవారు. ఢిల్లీల గా కానూను రాకపోతే నేను మరిది ఇంట్ల గిన్నెలు తోముతుంటి అని ఆవిడ ఎవరితోనైనా అనేది. అందుకే పార్లమెంటు ఓటు వచ్చినప్పుడల్లా ఆ చట్టం చేసినవాళ్లకే వేసేది. అసెంబ్లీకి ఎవరికేసేదో తెలీదు. అది వేరే సంగతి, గల్లీ సంగతి అనేది.

ఆవిడకు ఒక్కతే కూతురు, శకుంతల. నా ఈడుది. పందొమ్మిదో ఏట గుల్బర్గా పక్కన ఎవరికో ఇచ్చి చేశారు. రెండేళ్లు తిరగకుండా ఒక ట్రంకుపెట్టెతో రిక్షా దిగింది. ఎందుకొచ్చిందని అడగటానికి మరిది భార్య ముందుకొస్తే, ఆవిడ గేటు వేసి ఒక్క మాట అంది: అది వచ్చింది, ఉంటది. ఆ తర్వాత ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. పెట్టె దింపేటప్పుడు శకుంతల ఎడమ మణికట్టు చుట్టూ కమిలిపోయి ఉండటం నేను చూశాను. నేనూ అడగలేదు.

శకుంతలను మళ్లీ చదువులో పెట్టింది ఆవిడే. నేనూ తనూ ఒకే ఏడు టీచరు ట్రైనింగు అయ్యాం. స్నేహితులమని చెప్పలేను. ఒకే బస్సులో వెళ్లేవాళ్లం, నోట్సు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. ఇళ్ల దగ్గరికొచ్చేసరికి ఎవరి గుమ్మం వాళ్లది. ట్రైనింగు అయ్యాక ప్రభుత్వ బాలికల పాఠశాలలో ఒక ఖాళీ వచ్చింది. ఇద్దరం అర్జీ పెట్టాం. ఆ ఉద్యోగాలు ముల్కీలకే, అంటే పదిహేనేళ్లు ఇక్కడే ఉన్నట్టు తహసీలు ఆఫీసు నుంచి కాగితం తెచ్చుకున్నవాళ్లకే. మేము వచ్చి పన్నెండేళ్లయింది.

నాన్న ఒకరోజు ఆ కాగితం తెచ్చి నా చేతికిచ్చాడు. పదిహేనేళ్ల నుంచి ఫలానా ఇంటి నంబరులో కాపురముంటున్నారని ఉంది. ఎలా వచ్చిందని నేనడిగాను. అందరూ తెచ్చుకుంటున్నారులే అన్నాడు నాన్న. ఇంకోసారి అడగలేదు. అడిగితే తీసుకోలేను మరి. మార్కులు శకుంతలకూ నాకూ దాదాపు ఒకటే. ఇంటర్వ్యూలో గుల్బర్గా పెళ్లి సంగతి తనను తిప్పి తిప్పి అడిగారట. ఉద్యోగం నాకు వచ్చింది.

ఆవిడ రెండు నెలలు తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగి నా కాగితానికి నకలు తెచ్చింది. ఒక సాయంత్రం నాన్న భోజనానికి కూర్చోగానే వచ్చి ఆ నకలు ఆయన పీట ముందు పెట్టింది. సాక్షిగా ఇంటి యజమాని సంతకం ఉంది. సంతకం మరిదిది. విచారణకు వచ్చిన మనిషికి ఇల్లు తనదేనని చెప్పి చేశాడు.

"పదిహేనేండ్ల కింద నువ్వు యాడున్నవ్?" అని అడిగింది నాన్నను.

నాన్న అన్నం కలుపుతూ ఏదో సర్దబోయాడు. పిల్ల భవిష్యత్తు అన్నాడు. ఆవిడ వినలేదు. నా వైపు తిరిగింది.

"వాడు నా ఇంటిని నాది గాదన్నడు. కోర్టుకు పోయి తెచ్చుకున్న. నువ్వు నా బిడ్డ నౌకరీ తిన్నవ్. దానికి ఏ కోర్టున్నది?"

నేను తల దించుకోలేదు. దించుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. మార్కులు నాకూ వచ్చాయండీ అన్నాను. ఆ 'అండీ'ని ఈసారి ఆవిడ వెక్కిరించలేదు. కాగితం తీసుకుని వెళ్లిపోయింది.

ఆవిడ అర్జీలు పెట్టింది. ఒకటి కాదు, మూడు. ఆ ఇంటి మగమనిషి సంతకం చేశాడు కదా, వదినా మరుదుల ఆస్తి తగాదాలోకి మమ్మల్ని లాగొద్దని ఆఫీసువాళ్లు తిప్పి పంపారు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. రోజూ ఆవిడ మోడా ముందు నుంచి బడికి వెళ్లేదాన్ని, సాయంత్రం అలాగే వచ్చేదాన్ని. పేపరు మీది వేలు ఆగేది. నేను గేటు దాటాక మళ్లీ కదిలేది.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. బళ్లు మూతబడ్డాయి. మా యాస వినబడితే బస్సులోంచి దిగిపోవలసిన రోజులు. ఆవిడ ఊరేగింపుల్లో నడిచింది. ఆ వయసులో సుల్తాన్ బజార్ దాకా ఎండలో నడిచి వచ్చి, అరచేతి మీద గీత గీసి, ఉద్యోగాలు మావి అని పక్కింటి ఆడవాళ్లకు చెప్పడం మా కిటికీలోంచి విన్నాను. ఒక మధ్యాహ్నం పదిమంది కుర్రాళ్లు రాళ్లతో మా గుమ్మం ముందుకు వచ్చారు. మేము వెనక గదిలో బియ్యం బస్తాల పక్కన కూర్చున్నాం. ఆవిడ గొంతు వినిపించింది.

"కిటికీ నాది. తలుపు నాది. వాళ్లు సడక్ మీదికి వచ్చినంక కొట్టుకోండ్రి."

కుర్రాళ్లు వెళ్లిపోయారు. ఆవిడ మమ్మల్ని కాపాడిందని తర్వాత ఎవరో అన్నారు. నేను నా చెవులతో విన్నాను. ఆవిడ కాపాడింది కిటికీని. సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి నెలాఖరుకు ఖాళీ చెయ్యమంది. చేశాం. కొన్నాళ్లు అమ్మమ్మ ఊళ్లో తలదాచుకుని, తిరిగొచ్చి చిక్కడపల్లిలో మావాళ్లు ఎక్కువగా ఉండే వీధిలో ఇల్లు తీసుకున్నాం.

డెబ్భై ఒకటిలో పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. ఒకవైపు ఢిల్లీ పార్టీ. రెండోవైపు, బయటివాళ్లు పోవాలి, మా రాష్ట్రం మాకు కావాలి అనే కొత్త పార్టీ. టీచర్లకు పోలింగు పని పడింది. నన్ను వేసింది ఎక్కడనుకున్నారు, నాంపల్లిలోనే, పాత ఇంటికి రెండు సందుల అవతలి బడిలో, ఆడవాళ్ల బూతులో. వేలికి సిరా పెట్టడం నా పని. అభ్యర్థుల ఏజెంట్లు గోడవార బల్ల మీద కూర్చున్నారు. వాళ్లలో, కొత్త పార్టీ తరఫున, ఆవిడ మరిది ఉన్నాడు. బయటివాళ్లు పోవాలని రెండు నెలలుగా మైకులో అరుస్తున్నవాడు నన్ను చూసి పలకరింపుగా నవ్వాడు. నా కాగితం మీద సంతకం చేసిన చెయ్యి అది. నేనూ నవ్వాను.

పదకొండు గంటలప్పుడు ఆవిడ వచ్చింది, వెనక శకుంతల. జాబితాలో పేరు చదివారు. ఆవిడ పేరే, మొగుడి పేరు కాదు. నా ముందు చెయ్యి చాపింది. పదమూడేళ్లు ఒకే పెరట్లో తిరిగినా ఆవిడ చెయ్యి నేను ముట్టుకోవడం అదే మొదలు. సిరా పెట్టాను. నా ముఖం చూడలేదు. ఓటేసి వచ్చి, పక్కకు జరిగి, శకుంతలకోసం నిలబడింది.

శకుంతల పేరు చదవగానే మరిది లేచాడు. జాబితాలో ఉన్నది ఫలానా ఆయన కూతురు, పెళ్లికాని పిల్ల అన్నాడు. ఇప్పుడొచ్చినామె పెళ్లయి గుల్బర్గా పోయిన మనిషి, ఈ పేరు ఆమెది కాదు, అభ్యంతరం పెడుతున్నాను అన్నాడు. కట్టవలసిన రుసుము బల్ల మీద పెట్టాడు. సొంత అన్న కూతుర్ని నిలబెట్టి ఈమె ఆమె కాదంటున్నాడు. శకుంతల ఆ ఇంట్లో ఉండటం లేదని ఒక ప్రభుత్వ కాగితం మీద పడితే, రేపు అప్పీలులో పనికొస్తుంది. పైగా ఆ తల్లీకూతుళ్ల ఓట్లు ఢిల్లీ పార్టీకే పోతాయని అతనికి తెలుసు. తెలుసుననుకున్నాడు.

ప్రిసైడింగు ఆఫీసరు ఒక హెడ్మాస్టరు, నెమ్మదిగలవాడు. శకుంతలను కూర్చోబెట్టి వివరాలడిగాడు. తల్లి మాట ఒక్కటే చాలదు, ఈమెను ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని బూతులో అడిగాడు. వరుసలో ఆడవాళ్లు మరిది వైపు చూసి కిక్కురుమనలేదు. అతనితో పనిలేని ఇల్లు ఆ గల్లీలో లేదు. నేను సిరాసీసా మూత బిగిస్తూ కూర్చున్నాను. నాకు తెలుసనడం ఎంత సేపు. కానీ తెలుసంటే ఎలా తెలుసో చెప్పాలి, ఎన్నాళ్ల నుంచో చెప్పాలి, రాసి సంతకం పెట్టాలి.

ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఈమెకెరుక," అంది హెడ్మాస్టరుతో. "మా ఇంట్ల కిరాయికున్నది. ఎన్నేండ్ల సంది మా ఇల్లు ఎరుకనో ఈమెనే రాయమనుండ్రి."

అని మరిది వైపు తిరిగింది. అన్నేళ్లలో ఆవిడ అతనితో నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"నువ్వన్న చెప్పయ్యా. నువ్వే సాక్షివి గదా."

అప్పటికి గాని నాకు పూర్తిగా అర్థం కాలేదు. మేము వచ్చిన అసలు ఏడు రాస్తే నా ముల్కీ కాగితం అబద్ధమని నా చేత్తో నేనే సంతకం పెట్టినట్టు. కాగితంలో ఉన్న ఏడు రాస్తే మరిది నోరెత్తలేడు, తన సంతకమే అది. తెలియదంటే శకుంతల ఓటు పోతుంది, ఆ ఇంట్లో తను లేదని కాగితం పుడుతుంది. ఆవిడ ఇదంతా ఇంటి దగ్గర ఆలోచించుకుని వచ్చిందో, ఆ నిమిషంలోనే తోచిందో తెలీదు. మరిది గోడ వైపు చూస్తున్నాడు. శకుంతల నన్ను చూస్తోంది. బతిమాలుతున్నట్టు లేదు. నేనేం చేస్తానో చూడాలని ఉన్నట్టుంది.

ఆమె నాకు తెలుసన్నాను. ఫలానావారి కూతురే, భర్త దగ్గర నుంచి వచ్చేసినప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఉంటోంది అన్నాను. హెడ్మాస్టరు కాగితం జరిపాడు. రాశాను. ఆ కుటుంబం ఎన్నేళ్లుగా తెలుసునన్న చోట, కాగితంలోని పదిహేనుకు తర్వాతి మూడేళ్లు కలిపి, పద్దెనిమిది అని రాశాను. నిజానికి పద్నాలుగు దాటి కొన్ని నెలలు. సంతకం పెట్టాను.

ఆవిడ వంగి ఆ అంకె చూసింది. తెలుగు అక్షరాలు ఆవిడకు సరిగా రావు, అంకెలు వచ్చు.

"ఔ," అంది. "గిదే రాస్తదని నాకెరుకే."

మరిది మళ్లీ బల్ల మీద కూర్చున్నాడు. అభ్యంతరం కొట్టేశారు. శకుంతల వేలికి సిరా పెడుతుంటే గోరు మీదంతా పూసుకుంది. తను లోపలికి వెళ్లి, ముద్ర వేసి, కాగితం మడిచి పెట్టెలో వేసింది. ఆవిడ కూతురి భుజం మీద చెయ్యి వేసి గడప దాటించింది. ఒక అబద్ధం సాయంతో ఒక నిజమైన ఓటు పడింది. నేను దానికి గర్వపడాలో సిగ్గుపడాలో తేల్చుకోలేక ఆ సాయంత్రం తలనొప్పని పడుకున్నాను.

మా ఊళ్లో కొత్త పార్టీ గెలిచింది. దేశంలో ఢిల్లీ పార్టీ గెలిచింది. కొన్ని నెలలకే గెలిచిన కొత్త పార్టీవాళ్లు వెళ్లి ఢిల్లీ పార్టీలో కలిసిపోయారు. బయటివాళ్లం ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం. వాళ్లు కలిసిన సాయంత్రం మా వీధిలో మిఠాయి పంచారు. నేనూ తిన్నాను.

ఆ వారంలోనే అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు మెట్ల దగ్గర ఆవిడ ఎదురైంది. తప్పుకుని పోదామనుకున్నాను. ఆవిడే ఆపింది. నడుం వంగింది, గొంతు వంగలేదు. శకుంతలకు ఒక ప్రైవేటు బడిలో పని దొరికిందని, ఇంట్లోనే ఉంటోందని, నేను అడగకుండానే చెప్పింది. నేను కూడా ఏదో ఒకటి అనాలని, మీ ఢిల్లీ పార్టీయే మళ్లీ గెలిచింది కదా అన్నాను. పొడుద్దామనే అన్నాను.

ఆవిడ నన్ను తేరిపార చూసింది.

"నేను దానికెయ్యలే. గిదే మొదటిసారి ఎయ్యకపోవుడు. నాకు ఇల్లిచ్చిన పార్టీ అది, మరవలే. అయినా మా మరిది గుర్తుకే గుద్దిన. వాని మొఖం చూసి గాదు, నీ మొఖం చూసి ఏసిన. మీరు పోవాలని ఏసిన. నా ఇల్లు నాకొచ్చింది, నా బిడ్డ నౌకరీ దానికి రాలే. గిప్పుడు గెలిచినోళ్లు పోయి వాళ్లల్లనే కలిసిన్రు. నన్నడిగిన్రా?"

అంటే ఆ రోజు మరిది అడ్డుపడింది తన గుర్తుకు ఓటేసి వచ్చిన మనిషి కూతురికి. అతనికి ఆ సంగతి ఎప్పటికీ తెలిసి ఉండదు. చెప్పే మనిషి కాదు ఆవిడ. నాకు చెప్పింది మాత్రం నేను తెలుసుకోవాలనే. ఆ కోపం నాకు సూటిగా చేరాలనే.

శకుంతల కూడా దానికే వేసిందా అని అడిగాను.

ఆవిడ ముఖంలో మొదటిసారి ఆశ్చర్యం చూశాను.

"నాకేమెరుక? అది యాడ గుద్దిందో నేనెట్ల అడుగుత? నన్నెవలన్న అడిగితె ఊకుంటనా?"

కూతురి ఓటుకోసం బూతునంతా నిలబెట్టిన మనిషి. అది ఎవరికి పడిందో అడగలేదు. అది తనకు వ్యతిరేకంగా పడి ఉండొచ్చునని ఆవిడకు తట్టి ఉండదా? తట్టే ఉంటుంది. అయినా అడగలేదు. ఆ మాట చెప్పి, కొంగు సర్దుకుని, సుల్తాన్ బజార్ వైపు నడిచింది. పోతున్నానని కూడా అనలేదు. నేనూ వెనక్కి పిలవలేదు. ఆ తర్వాత ఆవిణ్ణి చూడలేదు.

ఆ వేళ ఆవిడ నన్ను తిరిగి అడగలేదు, నువ్వెవరికేశావని. అడిగి ఉంటే చెప్పవలసి వచ్చేది. పోలింగు పనిలో ఉన్నవాళ్లకు ఓటు కాగితం తపాలాలో వస్తుంది. నాకూ వచ్చింది, చిక్కడపల్లి ఇంటికి, పోలింగుకు వారం ముందు. నేను బడి నుంచి వచ్చేసరికి కవరు చింపి ఉంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని, ప్రూఫు దిద్దుకునే కలంతోనే దాని మీద గుర్తు పెట్టేశాడు. జతగా వచ్చిన ధ్రువీకరణ కాగితం జరిపి, ఇటు సంతకం పెట్టమ్మా అన్నాడు. ఇరవై అయిదేళ్లు నాకు, జీతం తెచ్చుకునే మనిషిని. నాన్న గుర్తు ఎక్కడ పెట్టాడో కూడా చూడకుండా, చూపించిన చోట సంతకం పెట్టి, మడిచి, కవరు నేనే అంటించాను.